రాత్రి బిల్డ్‌లో ఫెయిల్, పొద్దున రీరన్ చేస్తే పాస్: ఈ ఫ్లేకీ టెస్టులతో ఏం చేయాలి?

గచ్చిబౌలి_క్యూఏ
మా ప్రాజెక్టులో సెలీనియం (బ్రౌజర్‌ని దానంతటదే నడిపే టూల్), జావా, టెస్ట్‌ఎన్‌జీ (టెస్టులు నడిపే ఫ్రేమ్‌వర్క్)తో రాసిన యూఐ టెస్టులు, అంటే స్క్రీన్ మీద నడిచేవి, దాదాపు ఆరు వందలు ఉన్నాయి. జెన్‌కిన్స్‌లో (బిల్డ్‌లు, టెస్టులు టైముకి నడిపే సర్వర్) రోజూ రాత్రి ఒంటిగంటకి మొదలై నాలుగింటికల్లా అయిపోతాయి. పొద్దున వచ్చి చూస్తే పది, పదిహేను ఎర్రగా ఉంటాయి. అవే టెస్టుల్ని పదింటికి మళ్ళీ నడిపితే దాదాపు అన్నీ పాస్. రేపు మళ్ళీ వేరే పది. సగం పూట రీరన్‌కే పోతోంది.

డెవలపర్లు "మీ టెస్టులే సరిగ్గా లేవు, వీటికి బగ్ వేయకండి" అంటున్నారు. మేనేజర్ గారు "రిట్రై (ఫెయిలైతే దానంతటదే మళ్ళీ నడవడం) పెట్టేసి రిపోర్టు పచ్చగా పంపండి" అంటున్నారు. రిట్రై పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు, కానీ వద్దనడానికి గట్టి కారణం చెప్పలేకపోతున్నాను. పోయిన నెల నిజమైన బగ్ ఒకటి ఈ ఎర్ర గుంపులోనే ఉండిపోయింది, ఎవరూ తెరిచి చూడలేదు. కస్టమర్ చెప్పేదాకా తెలియలేదు. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

రీరన్_రాజు
టెస్ట్‌ఎన్‌జీలో రిట్రై చేయించే ఐరిట్రై ఎనలైజర్ రాసి కౌంట్ రెండు పెట్టండి. మూడుసార్లలో ఒక్కసారి పాసైనా పాసే. మా దగ్గర ఎప్పటినుంచో ఇదే నడుస్తోంది, ఎవరూ అడగలేదు.

ఓరుగల్లు_జావా
@రీరన్_రాజు ఎవరూ అడగకపోవడమే భయపెట్టే విషయం బ్రో.

ఒక సంగతి చెప్తాను. నేను ఇంతకుముందు పనిచేసిన చోట పేమెంట్ పేజీ టెస్టు ఒకటి అప్పుడప్పుడు ఫెయిలయ్యేది. ఆర్డర్ల లిస్టులో ఒకటి ఉండాలి, రెండు కనిపించేవి. రిట్రైలో కొత్త యూజర్‌తో మొదలవుతుంది కాబట్టి పాస్. దాంతో ఫ్లేకీ లిస్టులో పడేశారు. అసలు జరిగింది ఏంటంటే, "పే" బటన్ ఒకసారి నొక్కాక డిసేబుల్ అయ్యేది కాదు. సర్వర్ నెమ్మదిగా ఉన్న రోజు మా క్లిక్ ఫంక్షన్ జవాబు రాలేదని రెండోసారి నొక్కేది, రెండో ఆర్డర్ పడేది. ఫోన్లో నెట్ సరిగ్గా లేని మనిషి కూడా అదే చేస్తాడు కదా. చివరికి కస్టమర్ల ఖాతాల్లో రెండుసార్లు డబ్బులు కట్ అయ్యాక కదిలారు. టెస్టు నెలల ముందునుంచే చెప్తూ ఉంది.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్
నాన్నా పులి కథే. పులి వచ్చిన రోజు ఎవరూ రాలేదు.

కృష్ణలంక_కోడర్
డెవలపర్ వైపు నుంచి కూడా ఒక మాట వినండి. నాకు క్యూఏ నుంచి వచ్చేది ఒక స్క్రీన్‌షాట్, "టైమౌట్" అనే ఒక లైను. ఏ రిక్వెస్టు వెళ్ళింది, సర్వర్ లాగ్‌లో ఏముంది, ఏ యూజర్‌తో లాగిన్ అయ్యారు, ఏదీ ఉండదు. దాన్ని పట్టుకుని నేనేం వెతకాలి? పైగా చాలాసార్లు నిజంగానే టెస్టుదే తప్పు.

దీని మీద 2014లో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన అధ్యయనం ఒకటుంది. 51 అపాచీ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టుల్ని సరిచేసిన 201 కమిట్‌లు చూశారు. కారణం తేలిన వాటిలో 45 శాతం సరిగ్గా వెయిట్ చేయకపోవడం వల్ల, 20 శాతం కాంకరెన్సీ (ఒకేసారి నడిచే పనులు ఒకదానికొకటి అడ్డుపడటం) వల్ల, 12 శాతం టెస్టుల వరస మీద ఆధారపడటం వల్ల. అంటే ముప్పావు వంతు ఈ మూడింట్లోనే ఉంది.

ఓరుగల్లు_జావా
@కృష్ణలంక_కోడర్ ఆ పేపర్‌లో ఇంకో అంకె కూడా ఉంది, అది వదిలేశారు. సరిచేసిన వాటిలో 24 శాతం సందర్భాల్లో మార్చింది టెస్టుని కాదు, అప్లికేషన్ కోడ్‌ని. అందులోనూ చాలావరకు నిజమైన బగ్గులే. నాలుగింట్లో ఒకటి అసలు బగ్ అయ్యే అవకాశం ఉన్నప్పుడు చూడకుండానే "టెస్టే తప్పు" అనడం ఎలా?

కృష్ణలంక_కోడర్
ఒప్పుకుంటాను. కానీ లాగ్ ఇవ్వండి అన్న నా మాట మీద మాత్రం నిలబడతాను. ప్రతి టెస్టు పంపే రిక్వెస్టు హెడర్‌లో టెస్టు పేరో, ఒక ఐడీయో పెట్టండి. సర్వర్ లాగ్‌లో ఆ ఐడీతో వెతికితే రెండు నిమిషాల్లో తేలుతుంది. అదొక్కటి చేస్తే మా గొడవలు సగం ఉండవు.

పాత_మాన్యువల్_టెస్టర్
@గచ్చిబౌలి_క్యూఏ అమ్మా, ముందు "ఫ్లేకీ" అనే ఒక్క సంచిలో అన్నీ వేయడం మానేయాలి. నిన్న రాత్రి ఫెయిలైనవి ఎన్ని, ఒక్కోదానికి ఎర్రర్ ఏం వచ్చింది, ఇక్కడ పెట్టండి. టెస్టుల పేర్లు అక్కర్లేదు. ఎర్రర్లని బట్టి గుంపులు చేస్తే చాలు.

గచ్చిబౌలి_క్యూఏ
నిన్నటివి పదమూడు సార్.
స్టేల్ ఎలిమెంట్ (పట్టుకున్న ఎలిమెంట్ పేజీలో లేకుండా పోవడం), క్లిక్ ఇంటర్‌సెప్టెడ్ (నొక్కాల్సినదానికి ఇంకోటి అడ్డురావడం) కలిపి ఐదు.
వెయిట్ టైమౌట్ మూడు.
"ఈరోజు" స్లాట్ల పేజీలో తేదీ మ్యాచ్ కాలేదని నాలుగు.
క్రోమ్ ట్యాబ్ క్రాష్ ఒకటి.
మాది ల్యాబ్ పరీక్షలకి ఇంటి దగ్గర శాంపిల్ తీసుకునే బుకింగ్ యాప్.

డల్లాస్_తెలుగు
ఆ తేదీ నాలుగూ ఫ్లేకీ కావని నా అనుమానం. జెన్‌కిన్స్ మెషీన్ టైమ్‌జోన్ ఏంటి? యాప్ సర్వర్ టైమ్‌జోన్ ఏంటి?

గచ్చిబౌలి_క్యూఏ
జెన్‌కిన్స్ ఏజెంట్ ఆఫీసులోనే ఉంది, ఐఎస్‌టీ (మన టైమ్). యాప్ డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే పెట్టె లాంటిది) నడుస్తుంది. దాని టైమ్‌జోన్ ఎవరూ మార్చినట్టు లేదు.

డల్లాస్_తెలుగు
మార్చకపోతే మామూలుగా యూటీసీనే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. మన టైమ్ యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. మీ రన్ రాత్రి 1 నుంచి 4 దాకా. అంటే యూటీసీలో ముందురోజు రాత్రి 7:30 నుంచి 10:30. మీ టెస్టు లోకల్‌డేట్ నౌ (ఇవాళ్టి తేదీ) అని అడిగితే ఏజెంట్ కొత్త తేదీ చెప్తుంది, సర్వర్ పాత తేదీ చెప్తుంది. రాత్రి 12 నుంచి 5:30 మధ్య ఎప్పుడు నడిపినా ఫెయిలే. పొద్దున పదింటికి యూటీసీలో తెల్లవారుజాము 4:30, రెండు తేదీలూ ఒకటే, కాబట్టి పాస్. ఇందులో అదృష్టం, దురదృష్టం ఏమీ లేవు. గడియారం చూసి ముందే చెప్పేయొచ్చు.

ఇది టెస్టులో మార్చే ముందు ఇంకో ప్రశ్న. ప్రొడక్షన్ సర్వర్ కూడా యూటీసీలోనే ఉందా? ఉంటే రాత్రి పన్నెండున్నరకి యాప్ తెరిచిన కస్టమర్‌కి "ఈరోజు" అని ఏ తేదీ కనిపిస్తోంది?

గచ్చిబౌలి_క్యూఏ
ఇది నాకు తట్టనే లేదు. డెవాప్స్ వాళ్ళని (సర్వర్లు చూసుకునేవాళ్ళని) అడిగి వచ్చి చెప్తాను.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్
డల్లాస్ అన్న మామూలోడు కాదు.

డల్లాస్_తెలుగు
ఇక్కడ మాకు ఇదే ఇంకో రకంగా ఉంటుంది తమ్ముడూ. మార్చిలో రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబరులో మొదటి ఆదివారం గంట వెనక్కి. ఆ రోజుకి 23 గంటలో, 25 గంటలో ఉంటాయి. "24 గంటలు కలిపితే రేపు ఇదే టైమ్" అని రాసిన టెస్టులు ఆ వారాంతం ఎర్రబడతాయి, సోమవారానికి వాటంతటవే పచ్చబడతాయి. ఇండియా నుంచి అమెరికా క్లయింట్లకి పనిచేసే టీములు ఈ రెండు తేదీలూ క్యాలెండర్లో పెట్టుకోవాలి. మందేమో ఒక్కటే. కోడ్‌లో నేరుగా "ఇప్పుడు టైమెంత" అని సిస్టమ్‌ని అడగకుండా, జావాలో క్లాక్ ఆబ్జెక్టుని బయటినుంచి ఇవ్వాలి. టెస్టులో క్లాక్ ఫిక్స్‌డ్ పెట్టి, రాత్రి 12:30కి ఒకటి, ఫిబ్రవరి 29కి ఒకటి కావాలని రాయాలి.

బీచ్‌రోడ్_డెవాప్స్
ట్యాబ్ క్రాష్ సంగతి నేను చూస్తాను. క్రోమ్ కూడా డాకర్‌లోనే నడుస్తోందా? డాకర్ కంటైనర్‌కి షేర్డ్ మెమరీ డిఫాల్ట్‌గా 64 ఎంబీ మాత్రమే ఇస్తుంది. బరువైన పేజీ తెరిస్తే క్రోమ్‌కి అది చాలదు, ట్యాబ్ పడిపోతుంది. కంటైనర్ మొదలుపెట్టేటప్పుడు షేర్డ్ మెమరీ సైజు 2 జీబీ ఇవ్వండి. అది కుదరకపోతే క్రోమ్‌కి డిసేబుల్ డెవ్ ఎస్‌హెచ్‌ఎమ్ యూసేజ్ అనే ఆప్షన్ ఇవ్వండి. దీన్ని కూడా ఫ్లేకీ అని వదిలేసిన టీములు నాకు చాలా తగిలాయి.

గచ్చిబౌలి_క్యూఏ
అవునండీ, సెలీనియం గ్రిడ్ (టెస్టుల బ్రౌజర్లు నడిచే చోటు) డాకర్‌లోనే. సైజు ఎవరూ పెట్టలేదు. ఇవాళే మారుస్తాను.

అమీర్‌పేట_బ్యాచ్
నేను ఫ్రెషర్‌ని, ఒక డౌట్. వెయిట్ టైమౌట్ వస్తే థ్రెడ్ స్లీప్ (ఇన్ని సెకన్లు ఊరికే ఆగమనే కమాండ్) పెంచితే సరిపోదా? కోచింగ్‌లో మాకు అదే చెప్పారు. "ఫ్లేకీ టెస్టులు ఎలా హ్యాండిల్ చేస్తారు" అని ఇంటర్వ్యూలో అడిగితే ఐరిట్రై ఎనలైజర్ అని చెప్పమన్నారు.

పాత_మాన్యువల్_టెస్టర్
మంచి ప్రశ్న బాబూ, సిగ్గుపడక్కర్లేదు. స్లీప్ 5 సెకన్లు పెట్టావనుకో. పేజీ ఒక సెకనులో వస్తే నాలుగు సెకన్లు దండగ. ఆరు సెకన్లు పడితే ఫెయిల్. ఆరు వందల టెస్టుల్లో ఒక్కోదాంట్లో నాలుగు స్లీపులుంటే, వాటికే మూడు గంటల ఇరవై నిమిషాలు. అంత ఖర్చు పెట్టినా నెమ్మదిగా ఉన్న రోజు కాపాడదు. టైముకి కాదు, దేనికోసం ఆగుతున్నామో దానికి ఆగాలి. "సేవ్ అయింది" అనే మెసేజ్ కనిపించేదాకా, లోడింగ్ చక్రం పోయేదాకా, బటన్ నొక్కే స్థితికి వచ్చేదాకా. సెలీనియంలో వెబ్‌డ్రైవర్ వెయిట్ ఉన్నది అందుకే.

ఓరుగల్లు_జావా
దానికి ఒకటి కలుపుతాను. ఇంప్లిసిట్ వెయిట్ (ఎలిమెంట్ వెతికే ప్రతిసారీ వర్తించేది), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఒక షరతు కోసం విడిగా రాసేది) రెండూ ఒకే ఫ్రేమ్‌వర్క్‌లో కలపొద్దు. సెలీనియం వాళ్ళ డాక్యుమెంట్‌లోనే హెచ్చరిక ఉంది: ఇంప్లిసిట్ 10 సెకన్లు, ఎక్స్‌ప్లిసిట్ 15 పెడితే టైమౌట్ 20 సెకన్లకి రావొచ్చు అని. మన దగ్గర ఫ్రేమ్‌వర్క్‌లు ఒకరి నుంచి ఒకరికి కాపీ అవుతూ వస్తాయి. బేస్ క్లాస్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన ఇంప్లిసిట్ వెయిట్ అలాగే ఉండిపోతుంది. @గచ్చిబౌలి_క్యూఏ ముందు అక్కడ చూడండి.

స్టేల్ ఎలిమెంట్ కూడా దాదాపు ఇలాంటిదే. పేజీ రియాక్ట్‌లో ఉంటే, లిస్టు రిఫ్రెష్ అవగానే పాత ఎలిమెంట్ పోయి కొత్తది వస్తుంది. మీరు ముందే ఎలిమెంట్లన్నీ లిస్టులో పట్టుకుని లూప్ తిప్పుతుంటే మధ్యలో అవి చచ్చిపోతాయి. పేజ్ ఫ్యాక్టరీలో క్యాష్ లుకప్ (ఒకసారి దొరికిన ఎలిమెంట్‌నే గుర్తుంచుకోమనేది) అనే యానొటేషన్ ఎక్కడెక్కడ ఉందో వెతికి తీసేయండి. ఎలిమెంట్‌ని వాడే క్షణంలో వెతకాలి.

ప్లేరైట్_ప్రియుడు
ఇవన్నీ చదువుతుంటే జాలేస్తోంది. సెలీనియం బదులు ప్లేరైట్ అనే టూల్‌కి మారండి. క్లిక్ చేసే ముందు ఎలిమెంట్ కనిపిస్తోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా అని అదే చూసుకుంటుంది. లొకేటర్ ప్రతిసారీ కొత్తగా వెతుకుతుంది కాబట్టి స్టేల్ గొడవ లేదు. ట్రేస్ వ్యూయర్‌లో ప్రతి అడుగుకీ పేజీ ఎలా ఉందో, ఏ నెట్‌వర్క్ కాల్ వెళ్ళిందో చూడొచ్చు. @కృష్ణలంక_కోడర్ అడిగిన లాగ్‌లో ముప్పావు భాగం ఊరికే వస్తుంది.

పైథాన్_పద్మ
ప్లేరైట్ మంచిదే, మేమూ వాడుతున్నాం. కానీ మారిన మూడో నెలకే ఫ్లేకీ టెస్టులు మళ్ళీ వచ్చాయి. ఎందుకంటే టెస్టులన్నీ ఒకే యూజర్‌తో లాగిన్ అవుతున్నాయి. ఒక టెస్టు కార్ట్‌లో వస్తువు పెడుతుంది, పక్కనే నడుస్తున్న ఇంకో టెస్టు కార్ట్ ఖాళీ చేస్తుంది. టూల్ ఏదైతే దానికేం తెలుస్తుంది? ప్రతి టెస్టూ తన యూజర్‌ని తనే ఏపీఐతో (స్క్రీన్ లేకుండా నేరుగా సర్వర్‌ని అడిగే దారి) తయారుచేసుకునేలా మార్చాకే ప్రశాంతత.

ప్లేరైట్_ప్రియుడు
@పైథాన్_పద్మ డేటా సంగతి మీరన్నది నిజం, అది టూల్ చేతిలో లేదు. ఆరు వందల టెస్టులు తిరగరాయడం కూడా చిన్న పనేం కాదు. కొత్తవి మాత్రం ఇందులో రాయడం మొదలుపెట్టొచ్చు.

ఓరుగల్లు_జావా
@గచ్చిబౌలి_క్యూఏ మీ టెస్ట్‌ఎన్‌జీ ఎక్స్‌ఎంఎల్‌లో ప్యారలల్ మెథడ్స్ (టెస్టుల్ని ఒకేసారి వేర్వేరు థ్రెడ్లలో నడపడం) ఉందా? ఉంటే బేస్ క్లాస్‌లో వెబ్‌డ్రైవర్ స్టాటిక్‌గా డిక్లేర్ చేశారేమో చూడండి. రెండు థ్రెడ్లు ఒకే బ్రౌజర్‌ని పంచుకుంటాయి, ఒకరి క్లిక్ ఇంకొకరి పేజీలో పడుతుంది. క్లిక్ ఇంటర్‌సెప్టెడ్ అని వచ్చేవాటిలో కొన్ని అవే కావొచ్చు. థ్రెడ్ లోకల్‌కి (ఒక్కో థ్రెడ్‌కి దాని సొంత బ్రౌజర్) మార్చాలి.

గచ్చిబౌలి_క్యూఏ
థ్రెడ్ లోకల్ ఉంది. ఇంప్లిసిట్ వెయిట్ మాత్రం దొరికింది, బేస్ క్లాస్‌లో 30 సెకన్లు!

తేదీ సంగతి తేలింది. డెవాప్స్ వాళ్ళు చూసి ప్రొడక్షన్ కూడా యూటీసీలోనే ఉందని చెప్పారు. నేను నిన్న రాత్రి పన్నెండు దాటాక యాప్ తెరిచాను. "ఈరోజు" కింద అయిపోయిన రోజు తేదీ ఉంది, ఆ స్లాట్లేమో అన్నీ మూసేసి ఉన్నాయి. పొద్దున్నే పరగడుపున రక్తపరీక్ష ఇవ్వాల్సిన వాళ్ళు ముందురోజు రాత్రి బాగా పొద్దుపోయాక బుక్ చేసుకునేది ఆ స్లాట్లే. సపోర్ట్ టీమ్‌ని అడిగితే "రాత్రిపూట స్లాట్లు లేవని అప్పుడప్పుడు ఫోన్లు వస్తాయి, డిమాండ్ ఎక్కువేమో అనుకున్నాం" అన్నారు. బగ్ వేశాను, సీరియస్‌గా తీసుకున్నారు.

కృష్ణలంక_కోడర్
గట్టి బగ్ పట్టారు. సరిచేసేటప్పుడు మీ డెవలపర్లకి ఒక మాట చెప్పండి. సర్వర్ టైమ్‌జోన్ ఐఎస్‌టీకి మార్చి చేతులు దులుపుకోవద్దు. డేటాబేస్‌లో యూటీసీనే ఉండాలి, "ఈరోజు" అనే లెక్క మాత్రం ఏషియా కోల్‌కతా జోన్ ఇచ్చి చేయాలి.

రీరన్_రాజు
సరే, ఈ కేసులో మీరే కరెక్ట్. కానీ అందరికీ ఇంత టైమ్ ఉండదు. మాది సర్వీస్ ప్రాజెక్టు. రోజూ పొద్దున క్లయింట్‌కి పాస్ శాతం మెయిల్ వెళ్ళాలి. 98 కంటే తగ్గితే కాల్ పెడతారు. మేం రిట్రై పెట్టేది బద్ధకంతో కాదు.

పాత_మాన్యువల్_టెస్టర్
రాజు మాటలో న్యాయం ఉంది. తప్పు అతనిది కాదు, ఆ అంకెది. పాస్ శాతాన్ని బట్టి టీమ్‌ని కొలిస్తే, ఏ టీమైనా ఆ శాతాన్ని పెంచే దారే వెతుక్కుంటుంది. దొరికిన బగ్గులు ఎన్ని, కారణం తేలని ఫెయిల్యూర్లు ఎన్ని అని అడిగే క్లయింట్ దగ్గర ఇదే టీమ్ వేరేలా పనిచేస్తుంది. ఇది టెస్టర్ ఒక్కడు మార్చగలిగేది కాదు, లీడ్లు మాట్లాడాలి.

డెలివరీ_లీడ్
మేనేజర్ వైపు ఉన్నవాడిగా చెప్తాను. పది ఎర్ర టెస్టులు చూపించి "ఇవి ఫ్లేకీ, పట్టించుకోవద్దు" అంటే నేను రిలీజ్‌కి సంతకం పెట్టాలా, ఆపాలా? నాకు కావలసింది పచ్చ రంగు కాదు, నమ్మకం. రిట్రై వద్దంటే ఎందుకు వద్దో నాకు అర్థమయ్యే భాషలో చెప్పండి. చెప్పిన టెస్టర్ని కాదన్న మేనేజర్లు తక్కువ.

పైథాన్_పద్మ
@డెలివరీ_లీడ్ లెక్కల్లో చెప్తాను. పది మందిలో ఒకరికి వచ్చే నిజమైన బగ్ ఒకటుందనుకోండి. టెస్టు ఒక్కసారే నడిస్తే పదిసార్లలో ఒకసారి పట్టుకుంటుంది. రెండు రిట్రైలు పెడితే మూడుసార్లూ వరసగా ఫెయిలైతేనే ఎర్రబడుతుంది, అంటే వెయ్యిలో ఒకసారి. బగ్ మాత్రం కస్టమర్లకి పదిలో ఒకరికి తగులుతూనే ఉంటుంది.

రిట్రై లేకపోయినా లెక్క కష్టమే, అది కూడా ఒప్పుకోవాలి. ఒక్కో టెస్టు వెయ్యిసార్లలో ఒక్కసారే ఊరికే ఫెయిలవుతుందనుకుందాం. చాలా మంచి టెస్టు అది. ఆరు వందల టెస్టులు కలిపి నడిపితే కనీసం ఒక్కటైనా ఎర్రబడే రాత్రులు నూటికి 45. అందుకే యూఐ టెస్టుల సంఖ్యే తగ్గించాలి అంటాను. ఆరు వందల్లో సగానికి పైగా ఏపీఐ స్థాయిలోనే చూడదగ్గవి ఉంటాయి.

డెలివరీ_లీడ్
వెయ్యిలో ఒకసారి అన్న లెక్క రేపు మా రివ్యూలో నేనే వాడతాను. థాంక్స్.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్
గూగుల్ లాంటి చోట కూడా ఇదే గోల కదా? ఎక్కడో చదివాను.

డల్లాస్_తెలుగు
అవును, 2016లో వాళ్ళ టెస్టింగ్ బ్లాగ్‌లోనే రాశారు. వాళ్ళ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఫ్లేకీ లక్షణం ఉంది. పాస్ నుంచి ఫెయిల్‌కి మారినవి చూస్తే, 84 శాతం సందర్భాల్లో ఫ్లేకీ టెస్టు చేయి ఉంది. వాళ్ళూ రిట్రైలు వాడతారు, కాకపోతే ఏ టెస్టు ఎన్నిసార్లు ఊగిసలాడిందో లెక్క ఉంచుతారు. మితిమీరితే మెయిన్ దారిలోంచి తీసి, బగ్ వేస్తారు.

ఓరుగల్లు_జావా
ఆ లెక్క ఉంచడమే అసలు తేడా. మేవెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్‌లో రీరన్ కౌంట్ పెడితే, రెండోసారి పాసైనవాటిని "ఫ్లేక్స్" అని విడిగా చూపిస్తుంది. ప్లేరైట్ కూడా "ఫ్లేకీ" అని వేరే గుంపు చూపిస్తుంది. టెస్ట్‌ఎన్‌జీ మాత్రం ముందు ఫెయిలైన ప్రయత్నాల్ని "స్కిప్డ్"లో వేస్తుంది. రిపోర్టు శుభ్రంగా కనిపించాలని చాలామంది లిజనర్ (టెస్టు ఫలితాలు వచ్చేటప్పుడు నడిచే కోడ్) రాసి ఆ స్కిప్డ్‌ని కూడా తీసేస్తారు. దాంతో సాక్ష్యం మొత్తం పోతుంది. @రీరన్_రాజు మీ ప్రాజెక్టులో రిట్రై తప్పదంటే, కనీసం ఆ లిజనర్ తీసేయండి బ్రో. మొదటి ప్రయత్నం స్క్రీన్‌షాట్, లాగ్ దాచండి.

రీరన్_రాజు
ఆ లిజనర్ మా దగ్గర ఉంది. తీసేస్తాను. క్లయింట్‌కి వెళ్ళే మెయిల్ వేరు, మాకు కనిపించే రిపోర్టు వేరు చేసుకోవచ్చు.

పాత_మాన్యువల్_టెస్టర్
మంచిది రాజూ. వీలైతే ఆ రెండో రిపోర్టు కూడా క్లయింట్‌కి చూపించండి. నిజం చెప్పిన వెండర్‌ని వాళ్ళు ఎక్కువకాలం ఉంచుకుంటారు.

గచ్చిబౌలి_క్యూఏ
ఇప్పటికిప్పుడు సరిచేయలేని టెస్టుల్ని ఏం చేయాలి? గ్రూప్ పేరు "క్వారంటైన్" అని పెట్టి పక్కన పెడదామా అనుకుంటున్నాను.

ప్లేరైట్_ప్రియుడు
డిలీట్ చేసేయండి. నమ్మలేని టెస్టు లేనట్టే.

ఓరుగల్లు_జావా
డిలీట్ వద్దు. నా పేమెంట్ టెస్టు డిలీట్ చేసుంటే?

ప్లేరైట్_ప్రియుడు
మీ పేమెంట్ టెస్టు ఫ్లేకీ లిస్టులో ఉండి కూడా ఎవరినీ ఆపలేదు కదా! లిస్టులో ఉంటే "మనకి టెస్టు ఉంది" అనే తప్పుడు ధైర్యం ఒకటి మిగులుతుంది. లేకపోతే "పేమెంట్‌కి టెస్టు లేదు" అని అందరికీ తెలుస్తుంది, చేత్తోనైనా చూస్తారు.

ఓరుగల్లు_జావా
ఇది ఆలోచించాల్సిన మాటే. అయినా నా ఓటు క్వారంటైన్‌కే, షరతులతో. ఒక్కో టెస్టుకీ ఓ మనిషి పేరు, ఓ గడువు తేదీ ఉండాలి. క్వారంటైన్‌లో ఒకేసారి ఎన్ని ఉండొచ్చో పరిమితి ఉండాలి, ఎనిమిదో, పదో. అది నిండితే కొత్త టెస్టులు రాయడం ఆపి వీటిని చూడాలి. అవి రోజూ నడుస్తూనే ఉండాలి, ఫలితం బిల్డ్‌ని ఆపకూడదు అంతే. గడువు దాటితే అప్పుడు మీరన్నట్టు డిలీట్.

పైథాన్_పద్మ
ఆ మనిషి పేరు టెస్టర్‌దే ఎప్పుడూ కాకూడదు. ఏ ఫీచర్ టెస్టో ఆ ఫీచర్ డెవలపర్ పేరు కూడా పక్కన ఉండాలి. మా టీమ్‌లో ఈ ఒక్క మార్పుతో క్వారంటైన్ లిస్టు కరగడం మొదలైంది.

కృష్ణలంక_కోడర్
ఇందులో నాకు అభ్యంతరం లేదు.

యూఐ గురించే మాట్లాడుతున్నాం కానీ బ్యాకెండ్‌లోనూ ఇవి తక్కువేం కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆర్డర్ బై (ఏ వరసలో కావాలో చెప్పేది) లేకుండా సెలెక్ట్ చేసి, మొదటి వరస ఫలానాదే అని చెక్ చేసే టెస్టులు నేను వారానికొకటి చూస్తాను. వరసకి అక్కడ హామీ లేదు, టేబుల్ చిన్నగా ఉన్నన్నాళ్ళూ కుదురుతుందంతే. గో భాషలో మ్యాప్ మీద లూప్ తిప్పితే వరస ప్రతిసారీ మారేలా కావాలనే పెట్టారు. టెస్టులో సర్వర్‌కి 8080 పోర్ట్ అని గట్టిగా రాసేయడం ఇంకోటి. సున్నా ఇస్తే ఖాళీగా ఉన్న పోర్ట్‌ని ఓఎస్సే ఇస్తుంది.

అమీర్‌పేట_బ్యాచ్
"టెస్టుల వరస మీద ఆధారపడటం" అని పైన అన్నారు. అది ఎలా కనిపెడతారు?

పైథాన్_పద్మ
ఒక టెస్టు ఒంటరిగా నడిపితే పాస్, గుంపులో ఫెయిల్. లేదా దానికి తిరగేసి. అలా ఉంటే ముందు నడిచిన ఏదో టెస్టు వదిలేసిన చెత్త ఇది తొక్కుతోందని అర్థం. కావాలనే వరస కలిపేసి నడపడం మంచి పద్ధతి. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌కి రాండమ్లీ ప్లగిన్ ఉంది, వాడిన సీడ్ నంబర్ రిపోర్టులో చూపిస్తుంది. అదే సీడ్ ఇస్తే అదే వరస మళ్ళీ వస్తుంది. గోలో 1.17 నుంచి షఫుల్ ఆప్షన్ ఉంది, జేయూనిట్ 5లో రాండమ్ ఆర్డరర్ ఉంది. ఫెయిలైన వరస చేతికొచ్చాక ముందున్న టెస్టుల్ని సగం సగం తీసేస్తూ నడపండి. దోషి దొరికిపోతుంది.

అమీర్‌పేట_బ్యాచ్
ఇంటర్వ్యూలో ఇదే చెప్తాను. థాంక్యూ మేడమ్.

పాత_మాన్యువల్_టెస్టర్
చెప్పు బాబూ. దానికి ముందు ఇంట్లో చిన్న ప్రాజెక్టులో ఒకసారి చేసి చూడు, అప్పుడు నీ మాటల్లోనే వస్తుంది.

గచ్చిబౌలి_క్యూఏ
నిన్న రాత్రి రన్‌లో ట్యాబ్ క్రాష్ రాలేదు. ఇంప్లిసిట్ వెయిట్ తీసేసి, స్టేల్ వచ్చే రెండు పేజీలు మార్చాను. మార్చిన టెస్టుని పదిసార్లు నడిపితే పదీ పాస్. ఇక సరైపోయినట్టేనా?

పైథాన్_పద్మ
అది ఇంతకుముందు ఎన్నిసార్లకి ఒకసారి ఫెయిలయ్యేది? నూటికి ఒకసారి అయితే, ఏమీ మార్చకపోయినా పదిసార్లూ పాసయ్యే అవకాశం నూటికి 90. వందసార్లు నడిపినా 37 శాతం అవకాశం మిగిలే ఉంటుంది. మూడు వందలసార్లు వరసగా పాసైతే అది 5 శాతానికి దిగుతుంది. లెక్క సులువు: ఎన్నిసార్లకి ఒకసారి వచ్చేదో దానికి మూడు రెట్లు నడపండి.

గచ్చిబౌలి_క్యూఏ
ఇరవైకి ఒకసారి వచ్చేది అనుకుంటా. అయితే అరవైసార్లు. రాత్రి ఏజెంట్లు ఖాళీ ఉండవు, ఎప్పుడు నడపాలో చూడాలి.

బీచ్‌రోడ్_డెవాప్స్
శని, ఆదివారాల్లో విడిగా ఒక జాబ్ పెట్టండి. జెన్‌కిన్స్‌లో టెస్టు పేరు, ఎన్నిసార్లు అనేవి పారామీటర్లుగా ఇస్తే చాలు, ఎవరైనా నడుపుకోవచ్చు. ఆ కంటైనర్‌కి సీపీయూ సగమే ఇచ్చి కూడా ఒకసారి నడపండి. టైమింగ్ మీద ఆధారపడ్డ టెస్టులు మెషీన్ నెమ్మదించినప్పుడే త్వరగా బయటపడతాయి. మొదటి ఫెయిల్ దగ్గర ఆగిపోయేలా పెట్టి, ఆ క్షణం బ్రౌజర్ కన్సోల్, నెట్‌వర్క్ లాగ్, సర్వర్ లాగ్ మూడూ ఒకే ఫోల్డర్‌లో పడేలా చూసుకోండి. జాబ్ స్క్రిప్టు నా దగ్గరుంది. కంపెనీ వివరాలు తీసేసి రేపు ఇక్కడ పెడతాను.